గోడకు చలిజ్వరం

మంగళవారం మూడు గంటలకు కాసులమ్మ ఇంటి తూర్పు గోడకు చలిజ్వరం వస్తుంది. ముందు చూరు కింద సన్నగా వణుకుతుంది, తరవాత అటక మీద గిన్నెలు దడదడలాడతాయి. కాసులమ్మ కంగారు పడదు. కొండమీది ఆ పల్లెకు ఆశా కార్యకర్త ఆమే. ఎవరికి జ్వరమొచ్చినా వేలికి సూది గుచ్చి చూడాల్సింది ఆమే.

గోడకు వేలెక్కడుందో వెతకడానికి కాస్త ఆలస్యమవుతుంది. మూల దగ్గర దొరుకుతుంది. గుచ్చితే ఎర్రమట్టి చుక్క వస్తుంది. కిట్టు మీద రెండు గీతలు పడతాయి. మలేరియా.

అప్పుడు పడుతుంది ఆమె గుండెల్లో రాయి. ఏడేళ్ల కూతురు సుందరి ఆ గోడ పక్కనే పడుకుని ఉంది. జ్వరం పిల్ల వైపు జరుగుతోంది. దుప్పటి అంచు అప్పుడే వేడెక్కింది.

దోమల మందు కొట్టే గంగులు గుమ్మంలో నిలబడతాడు. అతన్నెవరూ పిలవలేదు, వీపున ఉన్న పంపు తీసుకొచ్చింది.

"మందు కొట్టినాక మూడు నెల్లు గోడ అలకొద్దని సెప్పినాను గదా, ఆశమ్మా."

"ఊరందరికీ నేనే సెప్పాను."

"మరి?"

"కొత్తల పండగొచ్చింది. గోడంతా మందు తెల్ల మరకలుంటే నలుగురూ నవ్వరా?"

"నవ్వితే జొరం రాదు గదా."

ఆమెకు తల కొట్టేసినట్టవుతుంది. ఇంటింటికీ తిరిగి బుద్ధులు చెప్పి, తన ఇంటికొచ్చేసరికి చీర ఎగదోపి మరీ ఎర్రమట్టి అలికింది. ఆ మట్టి కింద మందుకు ఊపిరాడడం లేదు.

కొడవలితో గీకడం మొదలుపెడుతుంది. ఈ ఏటి పూత రాలుతుంది. కింద నిరుటిది. దాని కింద ఆమె పెళ్లినాటి పూత, ఇంకా తడిగానే ఉంది. ఎంత గీకినా మందు వెనక్కి వెనక్కి తప్పుకుంటుంది. సుందరి కాళ్లు ముడుచుకుంటుంది.

చూరులోంచి ఒక దోమ దిగుతుంది. "కుట్టినాక కాసేపు గోడకి ఆనుకోవాలి గదమ్మా. సోటు సూపించు," అంటుంది మర్యాదగా.

"గోడ నేకపోతే?"

"పిల్లుంది గదా."

ఆఖరి పూతతోపాటు గోడ కూడా రాలిపోతుంది. కప్పు ఒరుగుతుంది. కాసులమ్మ గబుక్కున గోడ ఉన్నచోట నిలబడి భుజం ఆనిస్తుంది.

"గంగులూ, కొట్టు."

"మనిషి మీద కొట్టకూడదు, ఆశమ్మా."

"మనిషి మీద ఎవులు కొట్టమన్నారు? గోడ మీద కొట్టు."

గంగులు ఆమెను పైనుంచి కిందికి చూసి, నిజమేనని ఒప్పుకుని, పైనుంచి కిందికే కొడతాడు. దోమలు వరసగా వచ్చి ఆమె చేతుల మీద ఆనుకుని, ఆనుకున్నట్టే రాలిపోతాయి. సుందరి కాళ్లు చాపుకుంటుంది. దుప్పటి చల్లబడుతుంది. ఇంత సంతోషం కాసులమ్మ ఎన్నడూ ఎరగదు. కదిలితే మాత్రం కప్పు పడుతుంది.

వీధిలోంచి ఆడవాళ్లు తట్టలతో తడి ఎర్రమట్టి తెస్తున్నారు. పండగపూట గోడ తెల్లగా ఉందని వాళ్లకు ఆమె మీద జాలి. వద్దని చెప్పడానికి కాసులమ్మ నోరు తెరుస్తుంది. అది కిటికీలా కిర్రున తెరుచుకుంటుంది. పక్కింటి బుదురమ్మ అందులోంచి లోపలికి తొంగి చూసి, "పిల్ల మంచి నిద్దర్లో ఉంది, సప్పుడు సేయకండి," అని మిగతావాళ్లకు చెప్పి, రెండు చేతులూ మట్టిలో ముంచుతుంది.