పిలవకుండా రావాల్సిన మనిషి

చింతపండు పులుపు... ఆ పులుపు కింద ఇత్తడి వాసన.

పీర్ల చావడిలో, ఊరేగింపుకెత్తే ఇత్తడి పీర్లను హుసేన్‌బీ తోముతోంది. మొహర్రం నెలవంక కనిపించింది. తోముతున్నంతసేపూ ఒకటే దిగులు, తిండి సయించని దిగులు —

ఈ ఏడు పెద్దపీరును ఎవరు ఎత్తుతారు?

పాన్‌గల్ దాటాక వచ్చే ఆ ఊళ్ళో పెద్దపీరును ఎత్తేది కురుమూర్తి. వానను నమ్ముకున్న చెలక రైతు. అతనికి ముందు అతని నాయన. స్నానం చేసి, ఉపవాసముండి, తనంతట తానే రావాలి. పిలవకూడదు. కబురూ పంపకూడదు. పిలిస్తే అది మొక్కు కాదు, వెట్టి అవుతుందని ఊరి కట్టుబాటు.

నిరుడు ఊరికి పఠనమందిరం వచ్చింది. అంటే, చావడి పక్కన హుసేన్‌బీ ఇంటి అరుగే. ఆమె మొగుడు బాబు మియా వనపర్తి నుంచి వచ్చే తెలుగు పత్రికను గొంతెత్తి చదివేవాడు. అర్థం కానిచోట కురుమూర్తి ఆపించేవాడు. జనం విన్నారు. వినీ వినీ అడగడం మొదలుపెట్టారు — వెట్టి ఎందుకు చేయాలి? మా పిల్లలకు ఉర్దూలో తప్ప మా మాటలో చదువెందుకు లేదు?

సంస్థానం అధికారి మకాం పెట్టినప్పుడు, మొదటిసారి, ఊరు కట్టెలు మోయలేదు.

ఊరు మేలుకుందని తెలిసి ఉపన్యాసాలూ వచ్చాయి. ఒకాయన, హిందువులు పీర్లు ఎత్తడమేమిటన్నాడు. ఇంకొకాయన, ముసల్మానుకు తెలుగు పత్రికతో పనేమిటన్నాడు. ఇద్దరూ మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

వాళ్ళ మాటలు మాత్రం ఊళ్ళో ఉండిపోయాయి.

బాబు మియా ఇక తన చేతికి పీరు ఇవ్వడనుకున్నాడు కురుమూర్తి. కురుమూర్తి ఇక తన అరుగెక్కడనుకున్నాడు బాబు మియా. ఒకరినొకరు ఇబ్బంది పెట్టకూడదని ఎవరింట్లో వాళ్ళు కూర్చున్నారు. ఏం మర్యాదో! ఆ మర్యాదను చూస్తే హుసేన్‌బీకి ఒళ్ళు మండేది.

పత్రిక చదివేవాడు లేడు. మళ్ళీ వెట్టికి పిలుపొచ్చింది. ఈసారి పోయారు.

పీర్లు లేచే రోజు వచ్చింది. ఊదు పొగ... డప్పులు... జనం.

కురుమూర్తి లేడు.

పెద్దపీరు లేవకపోతే ఏ పీరూ లేవదు. అత్త చేతి నుంచి తన చేతికొచ్చిన చావడి, తన చేతుల్లోనే మూతపడుతుందా... హుసేన్‌బీకి భయమేసింది.

పీరుకు పిలవకూడదు. సరే.

పత్రికకు?

నేరుగా మొగుడి దగ్గరికి నడిచింది.

"పత్రిక తీసి సదువు. జర గట్టిగ."

"గిప్పుడా?"

"గిప్పుడే. కురుమూర్తి ఇంటిదాంక ఇనపడాలె."

బాబు మియా అరుగు మీద నిలబడ్డాడు. చేతికి దొరికింది పాత పత్రికే. ఎక్కడో వానలు, ఎక్కడో సభ. ముందు మెల్లగా మొదలుపెట్టాడు. తర్వాత గొంతెత్తాడు. డప్పులు ఆగాయి. చదువుతూనే ఉన్నాడు... చదువుతూనే ఉన్నాడు...

సందు మలుపులో ఒక మనిషి.

"ఆడ ఆపన్నా," అన్నాడు కురుమూర్తి. "గా ముక్క నాకు సమజ్ గాలే."

ఉతికిన పంచె కట్టుకున్నాడు. నుదుట విభూతి. బాబు మియా పత్రిక దించి, స్నానం ఎప్పుడు చేశావని నెమ్మదిగా అడిగాడు.

"పొద్దుగాలనే జేసిన. ఉపాసం గూడ ఉన్న. నువ్వు పీరు ఇయ్యవేమోనని వాకిట్లనే కూసున్న."

బాబు మియా అరుగు దిగి, అతని చేయి పట్టుకుని చావడిలోకి తీసుకెళ్ళాడు.

పెద్దపీరు లేచింది.

దాని వెనుక మిగతావీ లేచాయి. హుసేన్‌బీ గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎంత హాయిగా ఏడ్చిందో!

గడప దాటుతూ కురుమూర్తి వెనక్కి తిరిగాడు. "నేను ఎత్తుకోని నడుస్త. నువ్వు సదువుకుంట నడువన్నా."

అలాగే నడిచారు. ముందు పీరు, పక్కనే పత్రిక. మర్నాటి వెట్టికి పేర్లు పిలవడానికొచ్చిన సంస్థానం బంట్రోతు ఎదురుపడి, దారి తొలగి, గోడవారగా నిలబడ్డాడు. రేపు ఎవరు వస్తారో అతనికి తెలియదు. హుసేన్‌బీకీ తెలియదు.

ఆమెకు మాత్రం, ఇన్నాళ్ళకు, ఆకలేసింది.