గోడ మీది అమ్మ

యుద్ధం మొదలయ్యాక పెయింటరు షెడ్డులో సినిమా తారలు పోయి శత్రువులొచ్చారు. శత్రువు బొమ్మ సులువే. కనుబొమలు కలిపి, పళ్ళు పొడుగు చేసి, వెనక నలుపు దట్టిస్తే చాలు, చూసినవాడు ఝడుసుకుంటాడు. కొరకరాని కొయ్య అయింది తల్లి బొమ్మే. కొడుకును సైన్యానికి పంపే తల్లి కావాలన్నాడు ప్రచార శాఖ ఆఫీసరు. ఆయనకు పిల్లల్లేరు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టే మరి!

మొదటి బొమ్మ చూసి పెదవి విరిచాడు. "ఈ వేళ్ళేంటయ్యా, కొడుకు భుజం పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టున్నాయి? తొయ్యాలి! ఆ కళ్ళలో తడేంటి?"

పెయింటరు వేళ్ళు చాపేశాడు, తడి చెరిపేశాడు. ఎప్పుడో తన జోకుకు అక్క పగలబడి నవ్విన ముఖం గుర్తు తెచ్చుకుని ఆ నవ్వు పెట్టాడు. వెనక ఎర్రటి పొద్దు. "అదీ!" అన్నాడు ఆఫీసరు. వారం తిరక్కుండా ఊళ్ళో ఏ గోడ చూసినా అక్కే.

అక్క మొదట మురిసిపోయింది. "నాకింత తెల్లటి పళ్ళెక్కడివిరా?" అని వేళాకోళమాడింది. ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. సైన్యంలో చేరడం ఇష్టమున్నవాళ్ళకే అయినా, ఊరి నోటికి మూత పెట్టేదెవరు? యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న ఒకామె రేషన్ క్యూలో అక్కను నిలదీసింది. "మావాణ్ణి పంపమని గోడెక్కి చెప్పావే, నీవాడు ఇంట్లో కూర్చున్నాడేం?"

భర్త పోయాక అక్కకు మిగిలింది ఆ ఒక్కగానొక్క కొడుకే.

పెయింటరు ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాడు. "ముఖం మార్చేస్తానండీ, మీకు పుణ్యముంటుంది."

"మతిపోయిందా? ఆ నవ్వు చూసే కుర్రాళ్ళు బారులు తీరుతున్నారు."

ఇక లాభం లేదని, అక్క వీధి మలుపులో ఉన్న పోస్టరును తనే గోకడం మొదలుపెట్టాడు. మేనల్లుడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు మామయ్యా. పేరిచ్చేశాను."

"ఎందుకురా? మీ అమ్మ వెళ్ళమందా?"

"కాళ్ళావేళ్ళా పడింది, వెళ్ళొద్దని. కానీ ఇంట్లో అమ్మ మాట బయట ఎవడు నమ్ముతున్నాడు? ఫ్యాక్టరీలో రోజూ ఇదే గోల. మీ అమ్మ నవ్వుతూ పంపుతుంటే నీకేం రోగమంటున్నారు. ఎన్నాళ్ళని తలదించుకు తిరగను?"

పెయింటరు గోడ మీంచి చెయ్యి దించేశాడు.

రైలు దగ్గర అక్క కొడుకు చొక్కా వదల్లేదు. ఎవరో గుర్తుపట్టారు. "అదిగో, పోస్టర్లో అమ్మ!" జనం చప్పట్లు కొట్టారు. కొడుకు బిక్కచచ్చిపోయి ఆమె చెవిలో, "అమ్మా, అందరూ చూస్తున్నారు. ఒక్కసారి నవ్వమ్మా," అన్నాడు.

అక్క నవ్వింది. రైలు కనుమరుగయ్యేదాకా అలా నవ్వుతూనే ఉంది.

"అక్కా," అంటూ పెయింటరు దగ్గరికి వచ్చాడు.

"వాడు వెళ్తూ చూసింది నీ బొమ్మనురా," అంది అక్క. "నన్ను చూడనే లేదు. నా వెంట రాకు."