ముద్ర పడని పాసు

సరిహద్దు పాసుల ఆఫీసుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతలి పక్క, మెట్ల కింద ఇరుక్కున్నట్టుండే చిన్న గదిలో ఉంది ఆయన కొట్టు. కాగితం ఇస్తే ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, వేడి రోలర్ల మధ్య నుంచి పంపి, నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి చేతిలో పెడతాడు. లామినేషన్ అనే మాట నోరు తిరగనివాళ్ళెవరో ఆయనకు ప్లాస్టిక్ మేస్త్రి అని పేరు పెట్టారు. ఆయన నొచ్చుకోలేదు సరికదా, మేస్త్రీ అని పిలవనివాళ్ళతో ఆ తర్వాత ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆయనకో పట్టింపు ఉంది. తన దగ్గరికి వచ్చిన కాగితాన్ని చదవడు. పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పాడట, అంచులు చూడు, మధ్యలో ఏముందో నీకనవసరం అని. మేస్త్రి ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాడు. పరీక్ష తప్పినవాళ్ళ మార్కుల కాగితాలూ, విడాకుల పత్రాలూ, డాక్టర్ల రిపోర్టులూ ముప్పై ఏళ్ళుగా ఆ చేతుల మీదుగానే పోతున్నాయి. ఊళ్ళో సగం గుట్టు ఆయన వేళ్ళకు తగిలి వెళ్ళిపోయింది. ఒక్కటీ ఆయన కంట పడలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకూ చెప్పేవాడు, అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

మేస్త్రి భార్య పుట్టింది సరిహద్దు గేటుకు అవతలి దేశంలో. అవతలి దేశం అంటే అదేదో సముద్రాలు దాటాలనుకునేరు. గేటు దాటాక బస్సులో గంటన్నర. తల్లి లేని పిల్లను పదేళ్ళ పెద్దదైన అక్క ఎత్తుకుని పెంచి, తలదువ్వి, చదివించి, గేటుకు ఇవతల ఉన్న మేస్త్రికిచ్చి పెళ్ళి చేసింది. పెళ్ళయిన కొత్తలో రాకపోకలు బాగానే ఉండేవి. తర్వాత అక్కను చూసొద్దామని భార్య అడిగినప్పుడల్లా, "కొట్టు కట్టేస్తే ఎలాగే, వచ్చే నెల చూద్దాంలే" అనేవాడు మేస్త్రి. ఒక్కదాన్నే వెళ్తానంటే, "గేటు దగ్గర ఆ గొడవ నీవల్ల కాదు" అనేవాడు. అలా పదకొండేళ్ళు గడిచాయి. ఆ వచ్చే నెల మాత్రం రాలేదు.

ఆ వారం అక్క ఫోన్ చేసింది.

"గుండెకి ఆపరేషనటే. సోమవారం పొద్దున్న చేస్తారట. లోపలికి తీసుకెళ్ళేలోగా నిన్నోసారి చూడాలనుంది. రాగలవా?"

భార్య ఈసారి మొగుణ్ణి అడగలేదు. శుక్రవారం తెల్లవారుతూనే పాసుల ఆఫీసు ముందు వరసలో నిలబడింది. మధ్యాహ్నం మూడింటికి చేతిలో కాగితంతో రోడ్డు దాటి కొట్టులోకి వచ్చింది. పెళ్ళి నాటి నవ్వు మళ్ళీ ఆ మొహంలో కనిపించింది మేస్త్రికి. అంత సంబరాన్ని తను ఇన్నేళ్ళు ఆపానా అనిపించింది.

"ఇది మీ దగ్గరుంచండి, జాగ్రత్త. అక్కకి ఓ శాలువా కొనుక్కొస్తాను" అని పాసు బల్ల మీద పెట్టి వెళ్ళింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. అంతకుముందు పాసంటే అట్టకార్డు. గేటు దగ్గర చూసి పంపేసేవాళ్ళు. అలాంటి కార్డులు మేస్త్రి వందలకొద్దీ లామినేషన్ చేశాడు. పద్ధతి మారి, ఆ వారంలోనే కొత్తగా కాగితం పాసులు ఇవ్వడం మొదలైంది. వెనక పక్క నాలుగు గడులు. వెళ్ళేటప్పుడు ఇవతల ఒకటి, అవతల ఒకటి, వచ్చేటప్పుడు మళ్ళీ అలాగే, ముద్రలు వేయాలి. గడుల కింద, దీనిని లామినేషన్ చేయించరాదు అని ఒక వాక్యం కూడా ఉంది.

మేస్త్రి ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పల్చగా ఉంది. బయట వాన ముసురుపట్టి ఉంది. ఇది గేటు దాకా వెళ్ళేసరికి మెత్తబడి చిరిగిపోదూ అనుకున్నాడు. ఈమెకు ఇన్నేళ్ళుగా చేయనిది ఈ రూపంలోనైనా చేద్దామనుకున్నాడు. మందపాటి తొడుగు తీశాడు. అంచులు చూశాడు. మధ్యలో చూడలేదు. ఒక్క బుడగ కూడా లేకుండా, అద్దంలా వచ్చింది. తన జీవితంలో అంత శుభ్రమైన పని మరోటి చేయలేదు.

తిరిగొచ్చిన భార్య చేతికిస్తే ఇంకా వెచ్చగా ఉంది.

"అయ్యో, దీనిక్కూడా చేశారా?"

"మేస్త్రి పెళ్ళానివి. నీ పాసు వానలో నానుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

భార్య దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చూసి, నవ్వి, శాలువా మడతలో పెట్టుకుంది.

శనివారం పొద్దున గేటు దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు. మేస్త్రి సాగనంపడానికి. కిటికీ వెనక కుర్చీలో ఉన్న ఆఫీసరు పాసు తీసుకుని, వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"ఇదేంటమ్మా? దీని మీద ముద్ర ఎక్కడ వెయ్యను?"

పాపం ఆయన వేసి కూడా చూశాడు. సిరా ప్లాస్టిక్ మీద నిలవలేదు. బొటనవేలితో రుద్దితే మొత్తం తుడుచుకుపోయింది.

"వేరే కాగితం మీద వేసివ్వండి సార్. మా వదినగారికి సోమవారం ఆపరేషను" అన్నాడు మేస్త్రి.

"వేరే కాగితం పాసెలా అవుతుందండీ? ముద్ర లేకుండా నేను పంపించినా అవతలివాళ్ళు తిప్పి పంపుతారు. ఇక్కడ రాసే ఉంది కదా, చదవలేదా? ఎవడు చేశాడీ పని?"

భార్య మేస్త్రి వంక చూడను కూడా చూడలేదు. చూస్తే ఆఫీసరుకు తెలిసిపోతుందనుకుందో ఏమో. "ఎవరో బజార్లో చేశారు సార్" అంది.

మేస్త్రి అక్కడే బల్ల మీద కూర్చుని, జేబులోని చిన్న కత్తితో మూల దగ్గర ప్లాస్టిక్ విడదీయబోయాడు. అతుకు పెడితే ఊడదనే కదా ఆయనకంత పేరు. బలవంతంగా లాగితే భార్య ఫోటో సగం పొరతోపాటు లేచి వచ్చింది. ఇక ముద్ర సంగతి అటుంచి, ఆ మనిషి ఈ మనిషేనని చెప్పడానికి కూడా పాసు పనికిరాకుండా పోయింది. పాడైన పాసు ఆఫీసులో తిరిగిచ్చి కొత్తది తీసుకోవాలన్నాడు ఆఫీసరు. శనీ, ఆదీ ఆఫీసు లేదు. పాడైనదానికి బదులు పాసు అదేరోజు ఇవ్వరు, సోమవారం ఇస్తే బుధవారం వస్తుంది.

భార్య కాస్త దూరంగా రేకుల కిందికి వెళ్ళి అక్కకు ఫోన్ చేసింది. వాన చప్పుడులో ఏం మాట్లాడిందో వినిపించలేదు.

"ఏం చెప్పావు?" అని అడిగాడు ఆమె రాగానే.

"ఏదో ఒకటి చెప్పాలిగా. చెప్పాను."

దారిలో ఆమె తిట్టినా బాగుండేది. ఇంటికి వచ్చి, అన్నం వండి, ఆయనకు వడ్డించి, తను మాత్రం ఆకలి లేదని పడుకుంది.

సోమవారం పాసుల ఆఫీసు తలుపు తీయకముందే ఇద్దరూ వెళ్ళి చిరిగిన పాసు తిరిగిచ్చారు. మేస్త్రి తనకూ ఒకటి కావాలని దరఖాస్తు పెట్టాడు. ఈసారి కొట్టు కట్టేయడం గురించి ఆయనకు ఆలోచనే రాలేదు. మంగళవారం పొద్దున అవతలి నుంచి ఫోన్ వచ్చింది. ఆపరేషన్ అయితే అయింది గానీ, అక్క మళ్ళీ తెలివిలోకి రాకుండానే పోయింది.

బుధవారం సాయంత్రానికి వాళ్ళు ఆ ఇంటికి చేరారు. గుమ్మం ముందు చెప్పులు గుట్టగా పడున్నాయి. లోపల ముందుగదిలో కుర్చీలు గోడవారన వేసి ఉన్నాయి. అక్క కూతురు తలుపు దగ్గర నిలబడి ఉంది. చిన్నప్పుడు పిన్ని ఒళ్ళో పెరిగిన పిల్ల. పిన్నిని చూసి ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు.

"జ్వరం తగ్గిందా పిన్నీ?"

మేస్త్రికి అర్థం కాలేదు. భార్య తల దించుకుంది.

"లోపలికి తీసుకెళ్ళేదాకా అమ్మకి నీ జ్వరం గురించే బెంగ. దానికి ఫోన్లు చేసి విసిగించకండే, పడుకోనివ్వండి అని మాకు జాగ్రత్తలు. ఆదివారం మీ వీధి ఆవిడ గేటు దాటి ఇటొచ్చింది. నువ్వు సంచీ పట్టుకుని కూరలు కొంటుంటే చూసిందట. రావాలని లేకపోతే లేదని చెప్పాల్సింది. అబద్ధం ఎందుకు పిన్నీ, చచ్చిపోయే మనిషితో?"

రేకుల కింద చెప్పిన ఆ ఏదో ఒకటి ఏమిటో మేస్త్రికి అప్పుడు తెలిసింది. నా మొగుడి తెలివితక్కువ పనివల్ల రాలేకపోతున్నానని అక్కతో చెప్పుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. తన ఒంటి మీదికి జ్వరం తెచ్చుకుంది. ఇప్పుడు అందరి ముందూ దోషిలా నిలబడింది. మేస్త్రి గుమ్మం దాటి ముందుకొచ్చాడు.

"దాన్నేమీ అనకమ్మా. తప్పు నాది. పాసు శుక్రవారమే తెచ్చుకుంది, శనివారం గేటు దాకా వచ్చింది కూడా. నేనే ఆ పాసుకి ప్లాస్టిక్ వేశాను. ముద్ర పడక వెనక్కి పంపేశారు. ఒట్టు."

గదిలో అందరూ ఆయన వంక చూశారు. మూల కుర్చీలో ఉన్న తోడల్లుడు, అక్క భర్త, నెమ్మదిగా తలెత్తాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"కూర్చో తమ్ముడూ" అన్నాడు. "పెళ్ళాన్ని కాపాడుకోవాలనుకోవడం తప్పు కాదు. కానీ నమ్మే మాట చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా పాసుల ఆఫీసు ఎదురుగా కూర్చుని అదే పని చేస్తున్నావు. ప్లాస్టిక్ మీద ముద్ర పడదని మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నీకు తెలియదా?"

"తెలుసు అన్నయ్యా. కానీ నేను చదవలేదు. నేనసలు కాగితాలు చదవను."

"నీ పెళ్ళాం పాసు కూడా చదవలేదా?"

మేస్త్రి దిక్కులు చూశాడు. చూపిద్దామంటే ఆ చిరిగిన పాసు ఆఫీసులో ఉండిపోయింది. ఎదుటివాళ్ళ మొహాల్లో కోపం లేదు. జాలి ఉంది. అంతలో అక్క కూతురు లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. ఒక్క గ్లాసే తెచ్చింది. దాన్ని బాబాయి చేతికిచ్చింది.

తోడల్లుడు మరదలి వైపు తిరిగాడు.

"నింద తన నెత్తినేసుకునే మొగుడు ఎంతమందికి దొరుకుతాడమ్మా? మీ అక్క ఏరికోరి చేసింది ఈ సంబంధం. కనీసం ఆయన మొహం చూసైనా ఒక్కసారి రావాల్సింది."

మేస్త్రి భార్య వంక చూశాడు. ఈసారైనా నిజం చెబుతుందని, ఈ మనిషే నన్ను రానివ్వలేదని అందరి ముందూ కడిగేస్తుందని ఆశపడ్డాడు. పదకొండేళ్ళది కూడా కలిపి కడిగేస్తే తల వంచుకుని పడదామనుకున్నాడు.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అవును బావగారూ" అంది. "ఆయన మంచివారే."

ఆ మాటలో ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉందేమోనని మేస్త్రి వెతికాడు. లేదు. ఆమె నిజంగానే అంది.