మూడో అంతస్తు వెనక తలుపు

కంపెనీ బోర్డులో ఒక్క ఆడమనిషైనా ఉండి తీరాలని రూలు వచ్చాకే, తనకో చెల్లెలుందని మా అన్నయ్యకు గుర్తొచ్చింది. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ ఆయనది. బోర్డులో తక్కిన మగవాళ్లంతా ఆయన మాటకు తలూపేవాళ్లే. లాభనష్టాల కాగితాలు వాళ్లు చూసుకుంటారు. కార్మికుల క్షేమం గురించి ఏటా అచ్చువేసే సామాజిక బాధ్యత నివేదికను మాత్రం నా వైపు తోశారు.

"ఆడవాళ్లకు జాలెక్కువ కదమ్మా. నీ సంతకం ఉంటే నిండుగా ఉంటుంది" అన్నాడు అన్నయ్య.

"చూసి పెడతాను" అన్నాను.

"ఏంటి చూసేది? వంకాయలు కొంటున్నావా, పుచ్చులు ఏరడానికి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్నయ్య నవ్వితే నవ్వడం, కళ్లెర్రజేస్తే నోరు మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అయినా నివేదిక కోసం ఫొటోలు తీసే రోజున పట్టుబట్టి ఫ్యాక్టరీకి వెళ్లాను. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకనబెట్టుకెళ్లినట్టు మేనేజరు నన్ను వెంటబెట్టుకుని తిరిగాడు.

ఆ రోజు తీయాల్సింది ఫైర్ డ్రిల్ ఫొటో. అగ్నిప్రమాదం గంట మోగితే కార్మికులంతా ఎలా కిందికి దిగుతారో చూపించాలి. అక్కడి పద్ధతి వేరు. గంట కొట్టకముందే అందరినీ దింపి ఆవరణలో వరసగా నిలబెట్టారు. నిజంలా కనబడాలని మెట్ల కింద పొగ వదిలే డబ్బా ఒకటి పెట్టారు.

"ముందే దింపేశారేంటండీ?" అని అడిగాను.

"గంట కొట్టాక దిగితే తోపులాట మేడమ్. ఫొటో పాడవుతుంది" అన్నాడు మేనేజరు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అంతా కింద ఉన్నారు కదా, ఈలోగా పైన చూసొద్దామని ఎవరికీ చెప్పకుండా మూడో అంతస్తు ఎక్కాను. మిషన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. చివరి బల్ల దగ్గర ఒక అమ్మాయి నిండు కడుపుతో గుండీలు కుడుతోంది.

"నువ్వు దిగలేదేంటమ్మా?"

"నేను ఫొటోలో కనపడొద్దన్నారమ్మా. నెలలు నిండినా పని చేయిస్తున్నారని మాటొస్తుందంట."

అప్పుడే గంట మోగింది. కింద చప్పట్లు కొట్టారు. మెట్ల మీంచి తెల్లగా పొగ పైకొచ్చింది.

"భయపడకు, ఉత్తుత్తి పొగే" అన్నాను.

అంటుండగానే పొగ నల్లబడింది. కాలిన గుడ్డ వాసన గుప్పున కొట్టింది. మెట్ల కిందే గుడ్డముక్కల మూటలు పేర్చి ఉంటాయని ఆ డబ్బా పెట్టినవాడికి తట్టలేదు. మెట్ల దాకా వెళ్లాను. ముఖానికి వేడి తగిలి వెనక్కి వచ్చేశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వెనక గోడకు ఇంకో తలుపుంది. దాని మీద 'అత్యవసర ద్వారం' అని పచ్చరంగుతో కొత్తగా రాశారు. ఇద్దరం పరుగెత్తి నెట్టాం. తలుపు కాస్త కదిలి ఆగిపోయింది. సందులోంచి బయట వేసిన గొలుసు కనబడింది.

"దానికెప్పుడూ తాళమేనమ్మా. మేం చొక్కాలు దొంగిలిస్తామని" అంది ఆ అమ్మాయి దగ్గుతూ. "తాళంచెవి పెద్దయ్యగారు ఎవరికీ ఇవ్వరు."

తలుపు బాదాను. గొంతు చించుకుని అరిచాను. కింద మైకులో మేనేజరు, "అందరూ క్షేమంగా దిగారు!" అంటున్నాడు. మళ్లీ చప్పట్లు. మా అరుపులు వాటిలో కలిసిపోయాయి. అన్నయ్యకు ఫోన్ చేశాను.

"ఇప్పుడు కాదమ్మా, ఫొటో తీస్తున్నారు."

"అన్నయ్యా, నేను పైన ఉన్నాను. మంటలు!"

"పైన ఎవరూ లేరే. లెక్క చూసుకున్నాం కదా."

"నేనున్నానురా!" అని అరిచాను. జన్మలో అన్నయ్యను 'రా' అనలేదు.

ఆ అమ్మాయి నేల మీద కూర్చుండిపోయింది. రెండు చేతులతో కడుపు పట్టుకుని, "అమ్మా, నన్నొదిలి వెళ్లకండి" అంది. ఎక్కడికి వెళ్తాను? ఆమెను తలుపు సందుకు చేర్చి, ముక్కు అక్కడ ఆనించమన్నాను. నాకు ఊపిరి అందడం లేదు. చచ్చిపోతామనే అనుకున్నాను. ఈ అమ్మాయి నా కళ్లముందే పోతుందన్న భయం ముందు నా చావు భయం చిన్నదైపోయింది.

బయట ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అన్నయ్య గొంతు. చెవి తాళంలో తిరగడం లేదు, తుప్పు పట్టింది. ఆయన ఏడుస్తున్నాడు, "చెల్లీ, చెల్లీ" అంటూ. చివరికి ఎవరో గునపంతో గొలుసు తెంపారు.

ఆ అమ్మాయీ, కడుపులో బిడ్డా బతికారు. ఆసుపత్రిలో నా మంచం పక్కన అన్నయ్య పొద్దుపోయేదాకా నా చెయ్యి వదల్లేదు. మారాడనుకున్నాను.

తరవాతి బోర్డు మీటింగుకు నివేదిక అచ్చయి వచ్చింది. అట్ట మీద ఆవరణలో నవ్వుతున్న ఆడవాళ్లు. లోపల 'డ్రిల్ విజయవంతం' అని ఉంది. అన్నయ్య పెన్ను మూత తీసి నాకిచ్చాడు.

"తలుపు తాళం తీయించావా అన్నయ్యా?"

"అదే రోజు తీయించేశానమ్మా. తుప్పుది కదా, కొత్తది వేయించాను." జేబులోంచి తళతళలాడే తాళంచెవి తీసి నా ముందు పెట్టాడు. "నీకూ ఒకటి చేయించాను. ఇక నీకే భయమూ లేదు."

అందరూ మెచ్చుకోలుగా తలూపారు. పైనుంచి మిషన్ల మోత వినబడుతోంది. మూడో అంతస్తులో పని నడుస్తోంది.

"సంతకం పెట్టమ్మా" అన్నాడు అన్నయ్య. ఈసారి నవ్వు లేదు.

నివేదికను దగ్గరికి లాక్కుని, నాకు కేటాయించిన చోట రాశాను: "మూడో అంతస్తు వెనక తలుపుకు ఇప్పటికీ తాళం ఉంది. మంటలప్పుడు నేను లోపల ఉన్నాను."

దాని కింద సంతకం పెట్టాను.