కారణం చెప్పని లాయరు

మా దగ్గర ఇల్లు కొనాలంటే ముందు లాయరును చూసుకోవాలి. మా ఆయన్ని ఎంచుకోవడానికి నేను అంత ఆలోచించలేదు. డాన్సు హాల్లో రెండో పాటకే సరే అన్నాను, ఆయన పోయేదాకా విచారించింది లేదు. లాయరు దగ్గరే తప్పటడుగు వేశాను. వేశాను అనడం కూడా సరికాదు, చెయ్యి పట్టుకుని వేయించారు.

లాంకషైర్ కొండల్లో క్లఫ్‌బ్రిడ్జ్ మాది. పాత నూలు మిల్లు వెనక ఒకే గోడకి అతుక్కున్న రాతి ఇళ్ళ వరస ఉంది. అందులో పద్నాలుగో నంబరులో ఇరవైమూడేళ్ళుగా అద్దెకున్నాను. మా ఆయన లెన్ ఆ ఇంట్లోనే పోయాడు. వంటింటి అరలు ఆయన చేతులతో కొట్టినవే, అన్నీ ఎడమవైపుకి ఒరిగి ఉంటాయి. నాకు అంతకంటే మంచి ఇల్లు అక్కర్లేదు. నేను ఊళ్ళో బడి వంటింట్లో వంటమనిషిని. ఏనాటికైనా ఆ ఇల్లు నా పేరు మీద ఉండాలన్నది ఒక్కటే నా కోరిక, నవ్వేవాళ్ళు నవ్వనీ.

జనవరిలో ఒక గురువారం ఇంటి యజమాని ఆర్మరాడ్ గారు వచ్చారు.

"నోరీన్, ఇల్లు అమ్మేస్తున్నానమ్మా. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. కారే కప్పుల వెంట తిరగడం ఇక నావల్ల కాదు. సౌత్‌పోర్టులో మా చెల్లెలి దగ్గరికి పోతున్నాను. ముందుగా నిన్నే అడుగుతున్నాను. ఎనభై రెండు వేల పౌండ్లు. కొంటావా?"

"కొంటానండీ," అన్నాను, ఆయన మాట పూర్తికాకుండానే. లెన్ బీమా డబ్బు కదపకుండా ఉంచాను. మిగతాది అప్పిస్తామని బ్యాంకువాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు.

ఇద్దరం చేతులు కలిపాం. మా దేశంలో ఇంటి బేరానికి చేతులు కలిపితే చలికి చేతులు రుద్దుకున్నట్టే. రెండువైపుల లాయర్లూ సంతకాలైన ఒప్పంద కాగితాలు ఒకరికొకరు మార్చుకునేదాకా ఎవరూ ఎవరికీ కట్టుబడి ఉండరు. ఆ క్షణం దాకా అమ్మేవాడు ఎవరికైనా అమ్ముకోవచ్చు. ఈ సంగతి మా ఊళ్ళో పాలు పోసేవాడికి కూడా తెలుసు, నాకూ తెలుసు.

ఆయన గేటు దాటాడో లేదో, నేను పక్కింటి గ్లెండా వంటింట్లో ఉన్నాను. మా ఇద్దరికీ వెనక తలుపులు కొట్టుకునే అలవాటు లేదు, తోసుకుని వెళ్ళిపోవడమే. లెన్ ఆసుపత్రిలో ఉన్న మూడు వారాలూ గ్లెండా నా పక్కన కూర్చుంది. తను బిస్కెట్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలు చేసినన్నాళ్ళూ దాని కూతురు జెమ్మా నా బల్ల దగ్గరే తిని, నా ఇంట్లోనే నిద్రపోయింది. ఇంతకంటే ఏం చెప్పను.

"ఒసేయ్, ఇన్నాళ్ళకి నీ ఇల్లు నీదవుతోందే!" అని గ్లెండా నన్ను వాటేసుకుంది. "ఎంత చెప్పాడు ముసలాయన?"

చెప్పాను. ఎందుకు చెప్పను?

"చవకే," అంది. టీ పోసింది. "ఇంకెవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెప్తానే? నీకే."

"ఎవరికీ చెప్పకు మరి. దిష్టి తగులుతుంది."

మా ఊరికి లాయరు ఒక్కడే, టాటర్సల్ గారు. బేకరీ పైన ఆఫీసు. మెట్లెక్కుతుంటే మాంసం కూరిన రొట్టెల వాసనకి ఏ పని మీద వచ్చామో మరిచిపోతాం. మా అమ్మ వీలునామా ఆయనే రాశాడు, లెన్ పోయాక కాగితాలన్నీ ఆయనే చూశాడు. ఫీజు ఎక్కువే. అయినా ఎదురుగా కూర్చుని మాట్లాడే లాయరే లాయరని నా నమ్మకం. సోమవారం బడికి సెలవు పెట్టాను. మంచి కోటు వేసుకుని వెళ్ళాను.

ఆయన నవ్వుతూ కూర్చోబెట్టాడు. నేను నింపిన కాగితం అందుకున్నాడు. కొంటున్న ఇంటి చిరునామా దగ్గర ఆయన వేలు ఆగింది. నవ్వు పోయింది. పెన్నుకి మూత పెట్టేశాడు.

"నోరీన్ ఫెయిర్‌క్లఫ్ గారూ, ఈ పని నేను తీసుకోలేను."

"అదేంటండీ, మీకు తీరిక లేదా?"

"తీరిక సంగతి కాదు."

"మరేంటి? కారణం చెప్పండి."

"కారణం చెప్పే వీలు కూడా లేదు."

"నా డబ్బుకేమైనా తుప్పు పట్టిందా? మీ మనవలకి రోజూ కస్టర్డ్ వడ్డించేది నేనే. ఆ వీధిలో ఇల్లు కొనే మొహమా ఇది అనుకుంటున్నారేమో, చెప్పండి మరి!"

ఆయన ముఖం ఎర్రబడింది. తలుపు దాకా వచ్చి మెల్లగా అన్నాడు. "అమ్మా, ఎవరి దగ్గరికైనా వెళ్ళండి. కానీ మీరు స్వయంగా వెళ్ళి తలుపు కొట్టగలిగే లాయరును చూసుకోండి. పక్క ఊళ్ళో మిసెస్ రిగ్బీ ఉన్నారు. ఇవాళే వెళ్ళండి. ఒక్కరే వెళ్ళండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉచిత సలహా ఒకటా! దులపరించుకుని మెట్లు దిగి, రిగ్బీ దగ్గరికి పోయే బస్సెక్కకుండా నేరుగా ఎక్కడికి పోయానో చెప్పనక్కర్లేదు.

"పోనీలేవే," అంది గ్లెండా, నా కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తూ. "వాడికి కళ్ళు నెత్తికెక్కాయి. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళయితేనే వాడికి ఆనుతారు."

"ఒక్కదాన్నే వెళ్ళాలట! చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు."

గ్లెండా కొక్కేనికున్న కోటు భుజాలు మళ్ళీ సర్దింది. ఇప్పుడు తలచుకుంటే ఆ సర్దడానికి ఎంతసేపు పట్టిందో! అప్పుడు మాత్రం అది నా కోసం బాధపడుతోందనుకున్నాను.

"ఈ రోజుల్లో లాయరు దగ్గరికి ఎవరు పోతున్నారే? అంతా కంప్యూటర్లోనే. లీడ్స్‌లో ఒక పెద్ద కంపెనీ ఉందట, టాటర్సల్ అడిగే దాంట్లో సగమే. నీ పేరు మీద ఒక పేజీ ఇస్తారు. ఏం జరిగినా అందులో రాస్తారు."

"నాకు కంప్యూటరెక్కడిది? ఫోన్లో పేరు వెతకడానికే కళ్ళద్దాలు రెండు జతలు కావాలి."

"నేను లేనా? నా దాంట్లో చూద్దాం. బుధవారం బుధవారం కూర్చుందాం. నువ్వు వంట చెయ్యి, నేను లీడ్స్‌వాళ్ళ సంగతి చూస్తాను."

అలా కుదిరింది. ఈమెయిలూ అదే పెట్టింది, పాస్‌వర్డూ అదే పెట్టింది. నేను సంతకాలు పెట్టాను. ప్రతి బుధవారం బడి అయ్యాక వాళ్ళ వంటింట్లో నేను ఏదో ఒకటి వండేదాన్ని. అది బల్ల దగ్గర కూర్చుని తెర చూసేది.

"ఏం రాశారే?"

"ఏముంది, అదే పాట. మునిసిపాలిటీ నుంచి కాగితాలు రావాలట. ఇంటి కింద పాత బొగ్గు గనులున్నాయేమో చూడాలట. నిదానంగా అవుతుందిలే."

ఒకసారి నేనే లీడ్స్‌కి ఫోన్ చేశాను. పావుగంట సంగీతం వినిపించారు. తర్వాత ఒక కుర్రాడు, "అన్నీ మీ పేజీలో ఉన్నాయి మేడమ్," అన్నాడు. ఇంకోసారి చేస్తే ఇంకో అమ్మాయి అదే మాట అంది. పేజీలో ఉన్నాయి కదా, గ్లెండా చూస్తోంది కదా అనుకున్నాను. అంత తెలివైనదాన్ని.

మార్చి చివర్లో ఆర్మరాడ్ గారి లాయరు నుంచి ఉత్తరం వచ్చింది. ఇల్లు మరొకరికి అమ్మడానికి ఒప్పంద కాగితాలు మార్చుకోవడం పూర్తయిందనీ, రెండు నెలల్లో నేను ఖాళీ చెయ్యాలనీ అందులో ఉంది. మూడుసార్లు చదివాను. మూడోసారి కూడా అదే ఉంది.

లీడ్స్‌కి ఫోన్ చేసి, ఈసారి కదిలేది లేదని గట్టిగా కూర్చున్నాను. చివరికి ఒక పెద్దావిడ దొరికింది, మాట మర్యాదగా ఉంది.

"మేడమ్, ఫిబ్రవరి పదకొండున మీకు రాశాం కదా. ఇదే ఇంటికి మరొకరు కూడా వచ్చారనీ, యజమాని ఇద్దరికీ కాగితాలు పంపారనీ, ఎవరి కాగితాలు ముందు సిద్ధమైతే వాళ్ళకే ఇల్లనీ, వారంలోగా సంతకాలు చేసి పంపమనీ. తర్వాత రెండుసార్లు గుర్తుచేశాం కూడా."

"నాకెవరూ చెప్పలేదు."

"అదే రోజు సాయంత్రం నాలుగూ పదికి మీరు తెరిచి చదివినట్టుంది. 'అర్థమైంది' అన్న గడిలో టిక్కు కూడా పెట్టారు."

ఫిబ్రవరి పదకొండు. గోడ మీది క్యాలెండరు చూశాను. బుధవారం.

ఫోన్ పెట్టేసి అక్కడే నిలబడ్డాను. అప్పుడు టాటర్సల్ ముఖం గుర్తొచ్చింది. చిరునామా దగ్గర ఆగిన ఆయన వేలు గుర్తొచ్చింది. ఒకే ఇంటికి ఇద్దరు కొనేవాళ్ళ పని ఒకే లాయరు చెయ్యకూడదు. ముందొచ్చిన వాళ్ళ పేరు రెండోవాళ్ళకి చెప్పనూ కూడదు. అంటే ఆ సోమవారం నేను మెట్లెక్కేసరికే ఎవరో నా ఇంటి కోసం ఆయన దగ్గరికి వెళ్ళి వచ్చారు. గురువారం సాయంత్రానికి ఆ ఇల్లు అమ్ముతున్నారని ఊళ్ళో ఎంతమందికి తెలుసు? ఆర్మరాడ్ గారికి, నాకు, నేను చెప్పిన ఒక్క మనిషికి.

పాపం, టాటర్సల్ నోటికి తాళం. ఆ తాళంతోనే చెప్పగలిగినంత చెప్పాడు. నేను ఆ మాటలు మోసుకెళ్ళి ఎవరి చెవిలో వెయ్యకూడదో వాళ్ళ చెవిలోనే వేశాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. వీళ్ళు లెక్కపెట్టడమే కాదు, బేరమాడి రాయించుకున్నారు కూడా.

వెళ్ళి వెనక తలుపు కొట్టాను.

"తలుపు కొట్టడం ఎప్పట్నించే, దొరసానీ?" అని నవ్వుతూ తీసింది గ్లెండా. నా చేతిలో కాగితం చూసింది.

"జెమ్మాకేనా?" అన్నాను.

"లోపలికి రా."

"జెమ్మాకేనా?"

"దానికి ఇద్దరు పిల్లలున్నారే నోరీన్," అంది. తలుపు అంచు పట్టుకునే మాట్లాడింది. "మొగుడు వదిలేసి పోయాక ముగ్గురూ ఒక్క గదిలో పడుంటున్నారు. పిల్లల్ని నేను చూసుకుంటే తప్ప అది ఉద్యోగానికి వెళ్ళలేదు. నువ్వు ఒంటిదానివి. నీకు ఎక్కడైనా ఒక గది దొరుకుతుంది."

"నన్ను అడగొచ్చు కదా."

"అడిగితే ఇచ్చేదానివా?"

ఆలోచించాను. అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "ఇచ్చేదాన్ని కాను."

"అందుకే అడగలేదు."

"అడక్కుండా తీసుకుంటే దాన్ని ఏమంటారో నీకు తెలుసు. నా ఎదురుగా నిలబడి, నేనూ కొంటానే, చూసుకుందాం రా అని ఉంటే నిన్ను తిట్టేదాన్ని. వీధి వీధంతా వినేలా తిట్టేదాన్ని. ఓడిపోతే ఏడ్చి ఊరుకునేదాన్ని. నా పేరు మీద టిక్కు పెట్టావు చూడు, గ్లెండా! ఆ బుధవారం నేనేం చేస్తున్నాను?"

అది తలుపు గడియ అటూ ఇటూ తిప్పింది.

"చెప్పు. నేనేం చేస్తున్నాను?"

"బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నావు."

"ఏం రాశారే అని అడిగానా?"

"అడిగావు."

"ఏమన్నావు?"

"ఏమీ లేదు, పాత సంగతులే అన్నాను."

"తర్వాత?"

"తర్వాత తిన్నాం."

ఇల్లు పోయిందన్నది అప్పుడే నిజంగా తెలిసింది. లెన్ కొట్టిన అరలు పోయాయి. ఈ ఊళ్ళో నాకింక చోటు లేదు. ఇంతటి దెబ్బ తగిలినప్పుడల్లా నేను ఈ వంటింటికే వచ్చాను, ఈ బల్ల దగ్గరే కూర్చున్నాను. ఇప్పుడు ఎక్కడికి పోవాలి? దీని సంగతి ఎవరితో చెప్పుకోవాలి?

గ్లెండా అలవాటు కొద్దీ కుర్చీ లాగింది. నేను అలవాటు కొద్దీ కూర్చున్నాను. తలుపు అవతల పడి ఏడవాల్సినదాన్ని అక్కడే, ఆవిడ బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఆవిడ నా వెనక నిలబడి వీపు నిమిరింది. ఆ చెయ్యి తియ్యమని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.