ముందు తీసిన గుప్పెడు

నేను ఒక పాలపొడి డబ్బాను. పాలపొడి నాలో ఉన్నది నెల రోజులే. ఆ తర్వాత దీనమ్మ నన్ను బూడిదతో తోమి పొయ్యి పక్క గూట్లో పెట్టింది. అప్పటినుంచి నాకు ఒకటే పని. పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఆమె తీసే మొదటి గుప్పెడు దేవుడిది. అది నా కడుపులో పడాలి. ఆదివారం చర్చిలో నన్ను బోర్లిస్తే పాస్టరుగారు ఆ బియ్యం లేనివాళ్లకు పంచేవారు. ఇంటిల్లిపాదీ గంజితో సరిపెట్టుకున్న రోజు కూడా ఆ గుప్పెడు తగ్గలేదు. అందుకు నాకు గర్వమే. దీనమ్మకు ఇంకాస్త ఎక్కువ. నన్ను అందరికీ కనపడేలా చంకన పెట్టుకుని ముందు బల్ల దాకా నడిచేది.

పక్కింటి సువార్తమ్మకూ ఆమెకూ మాటల్లేవు. ఎండబోసిన మిరపకాయల్లో కోడి తిరిగిందని మొదలైన తగాదా రెండేళ్లయినా తెగలేదు. పొరుగువాళ్లను ప్రేమించమని పాస్టరుగారు చెబితే ఇద్దరూ ఆమేన్ అనేవాళ్లు, ఎడమొహం పెడమొహంగా కూర్చునే.

కోడలు కెజియా కాపురానికొచ్చిన ఏడు, వానాకాలంలో, నేను నిండటం మానేశాను. శనివారానికి సగమే ఉన్నాను. దీనమ్మ కోడల్ని నిలదీసింది. దేవుడి బియ్యం దొంగిలించిందన్న పేరొస్తే ఆ పిల్ల ఇక ఆ ఊళ్లో తలెత్తుకోలేదు. నిజం నాకు తెలుసు. నోరు వెడల్పుగా ఉంటే ఏం లాభం, మాట రాదుగా.

కెజియా దాచలేదు. సువార్తమ్మ మొగుడు కాలు విరిగి మంచాన పడ్డాడనీ, వానలకు కూలిపనులు లేవనీ, ఆమె అభిమానం గల మనిషి, పదిమందిలో సంచి పట్టదనీ, అందుకే ఆ బియ్యం గోడ మీంచి ఆమెకిస్తున్నాననీ చెప్పింది.

"ఆదివారం దాకా ఆకలి ఆగుద్దా అత్తా?"

 మర్నాడు దీనమ్మ నన్ను కొంగుచాటున దాచుకుని చర్చికి వెళ్లింది. సోమవారం నుంచి పూటకు రెండు గుప్పెళ్లు తీసింది. గురువారానికి నేను నిండాను. తనే తీసుకెళ్లి నన్ను సువార్తమ్మ గుమ్మంలో పెట్టి, పలకరించకుండా తిరిగొచ్చింది. బియ్యం గడప దాటాయి గాని బెట్టు ఇంకా దాటలేదు.

సాయంత్రం కెజియా నన్ను తెచ్చింది. ఖాళీ అనుకుని మూత తీసిన దీనమ్మకు అడుగున గుప్పెడు బియ్యం కనిపించాయి. ఎసట్లో పోసేముందు సువార్తమ్మ తీసిన మొదటి గుప్పెడు.

నన్ను ఒళ్లో పెట్టుకుని దీనమ్మ ఏడ్చింది. తర్వాత గోడ దగ్గరకెళ్లి పిలిచింది.

"వదినా, అన్నకి కాలెట్టా ఉంది?"

ఇప్పుడు నా అడుగు తుప్పుపట్టి చిల్లులు పడింది. కెజియా నాలో మట్టి పోసి కొత్తిమీర చల్లింది. గూట్లోకి రెండు కొత్త డబ్బాలొచ్చాయి. ఒకటి ఆదివారానిది. రెండోది ఏ రోజుకారోజుది.