తండ్రి పేరు రాసే గడి

గురువారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, జిల్లా ఆసుపత్రి మొదటి అంతస్తులోని యువ ఆరోగ్య కేంద్రంలో, తొమ్మిదో తండ్రి వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు. గడ్డం సగమే గీసి ఉంది. రెండో చెంప మీద సబ్బు నురగ ఆరలేదు. గుమాస్తా సాయిలు రిజిస్టర్‌లో ఆయన పేరు రాసి నిమిషం కూడా కాలేదు.

ఆయన కొడుకు కౌంటర్ ముందే ఉన్నాడు. ఏదో అడగాలని వచ్చినవాడు తండ్రిని చూసి తలనొప్పి మాత్ర అడుగుతాడు, తీసుకుని వెళ్ళిపోతాడు. తండ్రి ఉండిపోతాడు. వచ్చిన తండ్రులెవరూ తిరిగి వెళ్ళరు.

తర్వాతి వంతు రవళికది. వయసు పందొమ్మిది, డిగ్రీ రెండో సంవత్సరం. గర్భం రాకుండా వేసుకునే మాత్ర కోసం రెండు బస్సులు మారి వచ్చింది. దాన్ని కలిసిన డెబ్బై రెండు గంటల్లోపు వేసుకోవాలి. గడువు ఈరోజు ఒంటి గంటకు తీరుతుంది. వాళ్ళ ఊళ్ళో మందుల షాపు ఆమె మేనమామది.

"పేరు?"

"రవళిక."

"నాయిన పేరు?"

ఆమె బెంచీ వైపు చూస్తుంది. తొమ్మిది మందీ ఆమె వైపు చూస్తారు.

"అది రాయకుంటె కాదా అన్నా?"

"గడి ఉన్నదంటె నింపాలె. ఖాళీ పెడితె నెల రిపోర్టు వాపస్ వస్తది. ఒక్క గడికి నన్ను మూడుసార్లు హైదరాబాద్ తిప్పిండ్రు."

సాయిలు వెనక గోడకు, యువత లైంగిక ఆరోగ్యంలో ప్రభుత్వ ప్రాధాన్యాలు ఏడు, ఫ్రేము కట్టి వేలాడుతున్నాయి. మొదటిది గోప్యత. రెండోది, ప్రశ్నలు లేని సేవ. రిజిస్టర్లు ఆ ప్రాధాన్యాలు రావడానికి ముందు ఏడాది అచ్చయ్యాయి. అవి అయిపోయేదాకా కొత్తవి రావు.

కౌన్సెలర్ అరుణజ్యోతి లోపలి గదిలోంచి వస్తుంది. మాత్ర ఆమె చేతిలోనే ఉంది. రిజిస్టర్‌లో నంబరు పడితే తప్ప ఇవ్వడానికి లేదు.

"మా నాయిన ఆర్టీసీల డ్రైవర్, అక్కా" అంటుంది రవళిక. "ఇప్పుడు గోదారి బ్రిడ్జి మీద ఉంటడు. బస్సుల నలభై మంది ఉంటరు. మీరు పేరు రాస్తె ఇక్కడికొస్తడు. స్టీరింగ్ ఎవరు పట్టుకోవాలె?"

"అది నిజమే" అంటాడు సాయిలు. "మొన్న ఒకాయన బాయిల మోటర్ దించుకుంట వచ్చిండు. తాడు ఇడిచిపెట్టిండు."

మూడో తండ్రి తల దించుకుంటాడు.

పన్నెండూ పదికి రవళిక "రాజయ్య" అంటుంది. ఆ పేరున్నవాళ్ళు ఆమెకు ఎవరూ తెలియరు. సాయిలు రాస్తాడు. చేతిలో వరి నారు కట్టతో ఒక మనిషి బెంచీ చివర కనిపిస్తాడు. మోకాళ్ళ దాకా బురద ఉంది. రవళికను కిందినుంచి పైదాకా చూస్తాడు.

"నాకు పిల్లల్లేరని అందరు అన్నరు" అంటాడు. "ఇన్నేండ్లు ఏడున్నవమ్మా?"

"నేను మీ బిడ్డను కాదు పెద్దయ్యా."

"అట్లనా" అని నారు కట్టను ఒళ్ళో పెట్టుకుంటాడు.

సాయిలు ఆ వరుస కొట్టేస్తాడు. "దొంగ పేరు చెల్లదు. అసలుది చెప్పు, నాక్కూడ తిండి టైమైతున్నది."

పన్నెండూ నలభై ఒకటికి అరుణజ్యోతి పెన్ను లాక్కుంటుంది. తండ్రి పేరు గడిలో 'ప్రభుత్వం' అని రాస్తుంది.

"గట్ల రాస్తరా మేడం?"

"గడి నిండిందా లేదా?"

సాయిలు చూస్తాడు. "నిండింది."

నంబరు పడుతుంది. అరుణజ్యోతి మాత్ర అందించబోతుంది. అప్పటికే మెట్ల మీద చెప్పుల చప్పుడు. మెడలో గుర్తింపు కార్డులతో మనుషులు ఒకరి వెనక ఒకరు వచ్చి నిలబడతారు. వరస మెట్లు దిగుతుంది, ఓపీ దాటి గేటు బయటికి పోతుంది. మొదటాయన మాత్ర తీసుకుంటాడు.

"మేం ఉండగ మీరు డైరెక్టుగ ఇస్తె ఎట్ల మేడం? మా ద్వారా పోవాలె."

"ఎవరి దాకా పోవాలె సార్?"

"కింది దాకా."

ఆయన మాత్రను చూసి, తలూపి, రెండో ఆయనకిస్తాడు. రెండో ఆయన చూసి, తలూపి, మూడో ఆయనకిస్తాడు. రవళిక వెంట పరుగెడుతుంది. మెట్ల మీద మాత్ర ఆమెకంటే ముందుంది. ఓపీ దగ్గర పక్కపక్కనే ఉంది. గేటు దగ్గర ఆమె ముందుకు పోతుంది. చెరుకు రసం బండి దాటాక ఇద్దరి మధ్య భుజం పెడుతుంది.

"జర జరుగుండ్రి సార్."

"ఏ సెక్షన్ అమ్మా?"

"కొత్తగ వచ్చిన."

ఆయన జరుగుతాడు.

పన్నెండూ యాభై ఆరుకు రోడ్డు మీద ఆర్టీసీ బస్సు ఆగుతుంది. స్టీరింగ్ రవళిక తండ్రి లింబాద్రి చేతుల్లో ఉంది. దారి ఇవ్వమని వరసను హారన్ కొడతాడు. కిటికీలోంచి తల బయటపెడతాడు. "ఓ సార్లూ, రోడ్డు మీ తాతదా?" రవళిక ముందున్నాయన వీపుకు ముఖం ఆనించి నిలబడుతుంది. వరస ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. ఆమె కూడా జరుగుతుంది. బస్సు వెళ్ళిపోతుంది.

పన్నెండూ యాభై ఎనిమిదికి ముందున్నాయన మాత్రను చూసి, తలూపి, వెనక్కి తిరగకుండా ఆమె అరచేతిలో పెడతాడు. ఆమె నీళ్ళు లేకుండా మింగుతుంది.

తర్వాతాయన చెయ్యి చాపి ఉంది. రవళిక ఖాళీ చేతిని అందులో పెట్టి తీస్తుంది. ఆయన తన అరచేతిని చూసి, తలూపి, పక్కాయనకిస్తాడు.

ఒంటి గంటా ఇరవైకి వరసలో చివరాయన, రైలు గేటు అవతల పత్తి చేనులో, ఆ లేని మాత్రను అందుకుంటాడు. నోట్లో వేసుకుని, అందినట్టు సంతకం పెడతాడు. ఆయన చొక్కా కింది గుండీ తెగి సాలులో పడుతుంది. తర్వాత దాని పైది. ఆయన నడుం మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా గట్టు మీద కూర్చుంటాడు.

ఒకటీ నలభైకి నర్సు వచ్చి ఆయన పొట్ట మీద టేపు పెట్టి కొలుస్తుంది. ఏడో నెల అని రాసుకుంటుంది.